తోడేలును గెలిచిన పాప!

ఎర్రటోపీ పాపను తోడేలు మింగేసింది. వేటగాడొచ్చి కాపాడాడు. మనకు తెలిసిన కథ ఇదే. కానీ ఏ వేటగాడూ రాకుండానే, తన తెలివితో తానే తప్పించుకుని ఇంటికి పరుగెత్తిన పాప కథ కూడా ఒకటుంది. ఫ్రాన్సు పల్లెల్లో నోటి మాటగా బతికిన ఆ పాప, పుస్తకాల్లోకి వచ్చేసరికి ఎందుకు నోరు పడిపోయినట్టు ఉండిపోయింది? ఇప్పుడు మళ్లీ ఎలా లేచి నిలబడుతోంది?

రాత్రి తొమ్మిదిన్నర. హోంవర్కు అయిపోయింది. పాలగ్లాసు ఖాళీ అయింది. దుప్పటి గడ్డందాకా లాక్కుని 'కథ...' అంది ఏడేళ్ల పాప.

అమ్మ మొదలుపెట్టింది. అనగనగా ఓ చిన్నారి. అమ్మమ్మ ఇచ్చిన ఎర్రటోపీ ఎప్పుడూ నెత్తిమీదే ఉంటుంది కాబట్టి అందరూ ఎర్రటోపీ పాప అని పిలిచేవారు. అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదని రొట్టె పట్టుకుని అడవిదారిన బయల్దేరింది. దారిలో తోడేలు కనిపించింది. మాటలు కలిపింది. అడ్డదారిన ముందే వెళ్లి అమ్మమ్మని మింగేసి, ఆవిడ బట్టలేసుకుని మంచమెక్కింది. పాప వచ్చింది. పెద్ద చెవులు, పెద్ద కళ్లు, పెద్ద పళ్లు... గుటుక్కున మింగేసింది. అప్పుడు ఓ వేటగాడు అటుగా వచ్చి...

'అమ్మా, ఆగాగు. మరి పాప ఏం చేసింది?'

'ఏం చేస్తుంది బంగారం, తోడేలు కడుపులో ఉంది కదా!'

'అంతకుముందు? పళ్లు చూసినప్పుడు పారిపోలేదా?'

'చిన్నపిల్ల కదమ్మా...'

'నేనూ చిన్నపిల్లనే. నేనైతే పారిపోతా.'

అమ్మ దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ ప్రశ్న చాలామంది అమ్మలకు ఎదురయ్యే ఉంటుంది. కథల్లో రాజకుమారులు ఏడు సముద్రాలు దాటుతారు, రాక్షసుల్ని చంపుతారు. అమ్మాయిలేమో నిద్రపోతారు, ఏడుస్తారు, ఎదురుచూస్తారు. 'కథలన్నీ అంతేలే' అనుకుంటాం. కాదు! ఆ పాప అడిగిన ప్రశ్నకు జవాబు ఎప్పటినుంచో ఉంది. మనకు చెప్పేవాళ్లే లేకపోయారు.

రాజదర్బారు నుంచి...

ఎర్రటోపీ పాప మొదటిసారి అచ్చులోకి వచ్చింది 1697లో, పారిస్‌లో. అచ్చువేయించింది షార్ల్ పెరో. పద్నాలుగో లూయీ చక్రవర్తి కొలువులో పెద్ద ఉద్యోగం చేసినవాడు, ఫ్రెంచి అకాడమీ సభ్యుడు. అప్పటికి ఆయన వయసు అరవై తొమ్మిది. సిండ్రెల్లా, నిద్రపోయే సుందరి, బూట్లు తొడుక్కున్న పిల్లి... ఈ రోజుకీ పిల్లల నోళ్లలో నానే ఎనిమిది కథలు ఆ చిన్న పుస్తకంలోనే ఉన్నాయి. దాన్ని చక్రవర్తి తమ్ముడి కూతురికి అంకితమిచ్చారు.

ఆ కథలో వేటగాడు లేడు. గొడ్డలి లేదు, కత్తెర లేదు. తోడేలు పాపను తినేస్తుంది. అంతే, కథ అయిపోతుంది! ఆ తర్వాత ఓ నీతిపద్యం. అందమైన అమ్మాయిలు ఎవరి మాటలు పడితే వారి మాటలు వినకూడదనీ, తియ్యగా మాట్లాడుతూ వెంటపడే తోడేళ్లే అన్నిటికన్నా ప్రమాదమనీ దాని సారం. రాజదర్బారులోని యువతులకు పెరో చేసిన హెచ్చరిక అది. హెచ్చరిక మంచిదే. కానీ కథంతా విన్నాక మనసులో మిగిలేదేమిటి? తప్పు పాపది. అపరిచితుడితో మాట్లాడింది, ఫలితం అనుభవించింది. తోడేలుకు మాత్రం ఏ శిక్షా లేదు.

నూటపదిహేనేళ్లు గడిచాయి. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు జేకబ్, విల్‌హెల్మ్ తమ కథల సంపుటిలో మళ్లీ ఈ పాపను తీసుకొచ్చారు. వాళ్లకీ కథ చెప్పింది కాసెల్ పట్టణంలోని హాసెన్‌ఫ్లూగ్ కుటుంబంలోని అక్కాచెల్లెళ్లు. వాళ్ల పూర్వికులు ఫ్రాన్సు నుంచి వలసవచ్చినవారు. అలా పారిస్ పాప జర్మనీ చేరింది. పిల్లల పుస్తకంలో పాప చచ్చిపోతే ఎలా? అందుకే వేటగాడు వచ్చాడు. తోడేలు పొట్ట కత్తిరించి ఇద్దర్నీ బయటికి తీశాడు. 'ఇక ఎప్పుడూ అమ్మమాట జవదాటను' అని పాప బుద్ధి తెచ్చుకుంది.

ప్రాణం దక్కింది, సంతోషమే. కానీ పెరో కథలో తోడేలుకు బలైన పాప, గ్రిమ్ కథలో వేటగాడి దయతో బతికిన పాప అయింది. రెండింట్లోనూ తనంతట తాను తప్పించుకున్నది లేదు.

ఇక్కడే ఓ తమాషా ఉంది. గ్రిమ్ సోదరుల కథ అక్కడితో ఆగలేదు. దానికి తోక ఉంది! మరోసారి పాప అమ్మమ్మ ఇంటికి వెళ్తుంటే ఇంకో తోడేలు ఎదురవుతుంది. ఈసారి పాప దాని మాటలకు పడిపోదు. తిన్నగా అమ్మమ్మ దగ్గరికెళ్లి విషయం చెబుతుంది. ఇద్దరూ తలుపు గడియపెట్టి కూర్చుంటారు. తోడేలు ఇంటి పైకప్పెక్కి పాప బయటికి ఎప్పుడొస్తుందా అని కాచుకుంటుంది. ఇంటిముందు పెద్ద రాతి తొట్టి. ముందురోజు మాంసపు సాసేజీలు ఉడికించిన నీళ్లు మోసుకొచ్చి ఆ తొట్టి నింపమంటుంది అమ్మమ్మ. పాప బిందెల కొద్దీ మోసి నింపుతుంది. ఘుమఘుమలు పైకి చేరేసరికి తోడేలు మెడ చాచీ చాచీ జారి తొట్టిలో పడి మునిగిపోతుంది.

చూశారా... అమ్మమ్మ, మనవరాలు కలిసి, వేటగాడి సాయం లేకుండా! కానీ పిల్లల బొమ్మల పుస్తకాలు వేసేవాళ్లు మామూలుగా ఆ తోకను కత్తిరించేస్తారు. వేటగాడితోనే 'శుభం' కార్డు వేసేస్తారు.

పల్లెల్లో దొరికిన పాప

అసలు ఆశ్చర్యం ఇప్పుడొస్తుంది. 1885 ప్రాంతంలో ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న నీవెర్నే ప్రాంతంలో అషీల్ మిలియెన్ అనే కవి ఊరూరా తిరుగుతూ పాటలు, కథలు రాసుకునేవాడు. అక్కడివాళ్లు 'అవ్వ కథ' అంటూ ఆయనకు ఒకటి చెప్పారు. 1950ల్లో పాల్ దెలారూ అనే జానపద పరిశోధకుడు దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అందులో ఎర్రటోపీ లేదు. నీతిపద్యం లేదు. వేటగాడు అసలే లేడు. పిల్లలకు చెప్పలేని భయంకరమైన ముచ్చట్లు కొన్ని ఉన్నాయి, వాటిని పక్కన పెడదాం. మిగతా కథ ఇదీ...

అనగనగా ఓ పల్లె. ఓ అమ్మ రొట్టెలు కాల్చింది. 'వేడివేడి రొట్టె, సీసాడు పాలు అవ్వకిచ్చిరా తల్లీ' అని కూతుర్ని పంపింది. పాప నడుచుకుంటూ వెళ్లింది. రెండు దారులు చీలే చోట తోడేలు మనిషి నిలబడి ఉన్నాడు. పగలు మనిషిలా తిరుగుతూ రాత్రి తోడేలయ్యే రకం.

'ఎక్కడికి?'

'అవ్వ ఇంటికి.'

'ఏ దారిన పోతావు? సూదుల దారా, గుండుసూదుల దారా?'

'సూదుల దారి' అంది పాప.

'అయితే నేను గుండుసూదుల దారిన పోతా' అన్నాడు వాడు. పాప దారిపొడవునా సూదులు ఏరుకుంటూ తాపీగా నడిచింది. వాడు వడివడిగా వెళ్లి అవ్వను చంపి, ఆమె మంచంలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

పాప వచ్చి తలుపు తోసింది. లోపల చీకటి. 'రా తల్లీ, వచ్చి నా పక్కన పడుకో' అంది బొంగురు గొంతు. పడుకుంది. చెయ్యి తగిలితే ఒళ్లంతా జుట్టు. గోళ్లు పొడుగ్గా. భుజాలు వెడల్పుగా. పాప ఒక్కొక్కటే అడిగింది. వాడు ఒక్కొక్కదానికీ ఓ సాకు చెప్పాడు. ఆఖర్న నోరు ఎంత పెద్దదో చూసింది. పాపకు అంతా అర్థమైపోయింది.

ఇక్కడ పెరో పాప చచ్చిపోయింది. గ్రిమ్ పాప కడుపులోకి పోయింది. పల్లె పాప ఏం చేసిందో తెలుసా?

'అవ్వా, నాకు అర్జెంటు. బయటికి వెళ్లాలి' అంది!

'ఇక్కడే కానిచ్చెయ్' అన్నాడు వాడు.

'ఊహూఁ, కుదరదు. బయటికే వెళ్లాలి.'

వాడికి వేరే దారిలేకపోయింది. అయినా వదిలేస్తాడా! పాప కాలికి ఓ ఊలు దారం కట్టి, రెండో కొస తన చేతిలో పట్టుకుని 'వెళ్లు, తొందరగా రా' అన్నాడు. పాప పెరట్లోకి వచ్చింది. గబగబా కాలి ముడి విప్పింది. ఆ కొసను పెరట్లో ఉన్న రేగుచెట్టుకు కట్టింది. వాడు దారం లాగి చూశాడు. గట్టిగానే ఉంది. 'ఇంకా అవలేదా?' అని కేకేశాడు. జవాబు లేదు. మళ్లీ కేకేశాడు. జవాబు లేదు. ఒక్క ఉదుటున లేచి బయటికొచ్చి చూస్తే... చెట్టు ఉంది, దారం ఉంది, పాప లేదు! వెంటపడ్డాడు. వాడు వెనకాల చేరేసరికి పాప తన ఇంట్లోకి దూరి తలుపు వేసేసుకుంది.

అదీ కథ. కత్తి లేదు, మంత్రం లేదు. ఏ చిన్నపిల్లయినా రోజూ చెప్పే మాట ఒకటి, ఓ దారప్పోగు, చిన్న ముడి. అంతే.

మరోచోట చెప్పే రూపంలో ఇంకా ముచ్చటైన ముగింపు ఉంది. పారిపోతున్న పాపకు ఏరు అడ్డం వస్తుంది. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు ఉంటారు. దుప్పటి ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ చాచి గట్టిగా పట్టుకుంటారు. పాప దానిమీద నడిచి దాటేస్తుంది. తోడేలు 'నాకూ వేయండి' అంటుంది. వేస్తారు. సరిగ్గా నట్టేట ఉండగా వదిలేస్తారు!

నీవెర్నే కథను మిలియెన్ రాసుకున్నది పెరో పుస్తకం వచ్చిన దాదాపు రెండొందల ఏళ్లకే. మరి పెరో కన్నా పాతదని ఎలా అనగలం? అతని ముద్రలైన ఎర్రటోపీ, నీతి ఇందులో లేవు కాబట్టి, అతనికి ముందునుంచీ పల్లెల్లో తిరిగిన కథకు ఇదే దగ్గరిదని దెలారూ అభిప్రాయం. అమెరికా పరిశోధకుడు జాక్ జైప్స్‌దీ అదే మాట. కాదనే పండితులూ ఉన్నారు. అయితే ఒకటి మాత్రం నిజం. పల్లెలో పెరిగిన పాపకు చేతనైన పని, పుస్తకాల్లో పెరిగిన పాపకు చేతకాలేదు.

సూదుల దారి సంగతేమిటంటారా? ఫ్రెంచి పరిశోధకురాలు ఇవోన్ వెర్దియే దానికీ ఓ అర్థం చెప్పారు. ఆ పల్లెల్లో పదిహేనేళ్లు వచ్చిన ఆడపిల్లల్ని ఓ చలికాలమంతా కుట్టుపని చేసే ఆవిడ దగ్గరికి పంపేవారు. కుట్టు ఒక్కటే కాదు, నలుగురిలో ఎలా మసలుకోవాలో అక్కడే నేర్చుకునేవారు. అంటే ఆ దారి ఎదుగుతున్న ఆడపిల్ల నడిచే దారి. ఆ దారిలో తోడేళ్లుంటాయి. అయినా నడవాలి, ఇంటికి తిరిగి రావాలి. కథ చెప్పేది అదే.

ముగ్గురు అక్కాచెల్లెళ్లు

ఇక చైనా వెళ్దాం. అక్కడా ఈ కథ ఉంది. షాంఘైలో పెరిగి 1951లో అమెరికా వెళ్లిన చిత్రకారుడు ఎడ్ యంగ్ దాన్ని 'లోన్ పో పో' పేరుతో 1989లో పిల్లల పుస్తకంగా మలిచాడు. పో పో అంటే అమ్మమ్మ. మసక వెలుతురులో మెరిసే తోడేలు కళ్లతో గుబులు పుట్టించే ఆ బొమ్మలకు 1990లో కాల్డెకాట్ మెడల్ వచ్చింది. అమెరికాలో బొమ్మల పుస్తకాలకు అంతకన్నా పెద్ద గౌరవం లేదు.

ఈ కథలో అమ్మమ్మ ఇంటికి వెళ్లేది అమ్మ. ఇంట్లో ముగ్గురు కూతుళ్లు ఉంటారు. షాంగ్, టావో, చిన్నది పావోట్సే. చీకటిపడ్డాక తోడేలు అమ్మమ్మలా వచ్చి తలుపు తడుతుంది. చిన్నవాళ్లిద్దరూ ఎగురుకుంటూ వెళ్లి గడియ తీసేస్తారు. అది లోపలికి రాగానే కొవ్వొత్తి ఆర్పేస్తుంది. అందరూ ఒకే మంచంమీద పడుకుంటారు. షాంగ్ కాలికి తోక తగులుతుంది. 'బుట్ట అల్లడానికి తెచ్చిన జనపనార' అంటుంది తోడేలు. గోరు తగులుతుంది. 'చెప్పులు కుట్టే ఆర' అంటుంది. షాంగ్ చటుక్కున దీపం వెలిగిస్తుంది. ఒక్క క్షణం... వెంట్రుకల మొహం కనిపిస్తుంది. తోడేలు మళ్లీ ఆర్పేస్తుంది.

షాంగ్ కెవ్వున అరవదు. చెల్లెళ్లకు కూడా చెప్పదు. 'అమ్మమ్మా, నువ్వెప్పుడైనా గింగో కాయలు తిన్నావా? ఒక్కటి తింటే చావే ఉండదట. మా వాకిట్లో చెట్టు కొసన ఉన్నాయి' అంటుంది. తోడేలుకు నోరూరుతుంది. ముసలిది, చెట్టెక్కలేదు. పిల్లలు ముగ్గురూ ఎక్కేస్తారు. అప్పుడు అసలు సంగతి చెల్లెళ్లకు చెబుతుంది అక్క. 'స్వయంగా కోసుకుంటేనే పనిచేస్తాయట. బుట్టలో కూర్చో, పైకి లాగుతాం' అని తాడు కట్టి లాగుతారు. సగం దాకా లాగి వదిలేస్తారు. 'చిన్నదాన్ని, ఒక్కదాన్నే లాగలేకపోయా' అంటుంది షాంగ్. రెండోసారి టావో కూడా చెయ్యి వేస్తుంది. ఇంకా పైనుంచి పడుతుంది. మూడోసారి ముగ్గురూ కలిసి కొమ్మల దాకా లాగి వదిలేస్తారు. అంతే! పిల్లలు దిగొచ్చి, తలుపు గడియపెట్టుకుని హాయిగా నిద్రపోతారు. మర్నాడు అమ్మ తిరిగొస్తుంది, అసలు అమ్మమ్మ పంపిన తినుబండారాలతో.

తైవాన్‌లో ఇలాంటి కథలోనే తోడేలుకు బదులు పులి వస్తుంది. అక్కడా గెలిచేది చెట్టెక్కిన పిల్లే.

ఇక మన దేశంలో? మహారాష్ట్రలో ఏ ఇంట్లో అడిగినా గుమ్మడికాయలో దొర్లుకుంటూ వచ్చిన అవ్వ కథ చెబుతారు. బెంగాల్లో, ఇరాన్‌లో కూడా అలాంటి కథలున్నాయి. ఎర్రటోపీ కథను తిరగేసినట్టుంటుంది అది. ఇక్కడ అవ్వే అడవి దాటి కూతురింటికి బయల్దేరుతుంది. దారిలో క్రూరమృగాలు అడ్డుపడి తినేస్తామంటాయి. 'ఈ ఎముకల గూడు తింటే ఏమొస్తుంది? కూతురింట్లో నెయ్యీ రొట్టే తిని బలిసి వస్తా, అప్పుడు తినండి' అంటుంది అవ్వ. తిరిగొచ్చేటప్పుడు పెద్ద గుమ్మడికాయలో కూర్చుని వాటి ముందునుంచే దొర్లుకుంటూ పోతుంది! అంటే ధైర్యానికి వయసు లేదన్నమాట. ఏడేళ్ల మనవరాలికైనా, డెబ్బయ్యేళ్ల అవ్వకైనా.

బుట్టలో రొట్టెకు బదులు...

పుస్తకాల్లో పాపకు మళ్లీ నోరొచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1939లో అమెరికా హాస్య రచయిత జేమ్స్ థర్బర్ చిన్న కథ రాశాడు. అందులో పాప గుమ్మంలోంచే చూసి మంచంమీదున్నది అమ్మమ్మ కాదని గుర్తుపట్టి, బుట్టలోంచి తుపాకీ తీసి కాల్చేస్తుంది. ఈ రోజుల్లో ఆడపిల్లల్ని మోసం చేయడం మునుపటంత తేలిక కాదు సుమా... అన్నది ఆయన చెప్పిన నీతి. 1982లో రోల్డ్ డాల్ తన 'రివోల్టింగ్ రైమ్స్'లో మరో అడుగు ముందుకేశాడు. ఆయన పాప ఎర్రకోటు మానేసి తోడేలు తోలుతో కోటు కుట్టించుకుని తిరుగుతుంది.

ఇవి నవ్వుకోవడానికి బాగుంటాయి. కానీ తుపాకీ పట్టిన పాప మన పిల్లకు ఏం నేర్పుతుంది? ఆ ఆలోచన 1970ల్లో చాలామందికి వచ్చింది. ఆడపిల్లలకు మనం ఎలాంటి కథలు చెబుతున్నాం అని అమెరికా, బ్రిటన్‌లలో స్త్రీలు గట్టిగా అడగడం మొదలుపెట్టిన కాలం అది. కొందరు పాత జానపద కథల్ని తవ్వి తెలివైన అమ్మాయిల్ని వెతికి తెచ్చారు. కొందరు తెలిసిన కథల్నే తిరగరాశారు.

1972లో ఇంగ్లండ్‌లోని మెర్సీసైడ్‌లో కొందరు కలిసి రాసిన ఎర్రటోపీ కథ వాటిలో ఒకటి. ఇందులో పాప వీరనారి కాదు. పిరికిది. అడవంటే భయం, తోడేలంటే భయం. కానీ ముత్తవ్వమీదికి తోడేలు వచ్చిన క్షణాన ఆ భయంతోనే నిలబడి ఆమెను కాపాడుకుంటుంది. ఆ తర్వాత తోడేలు బొచ్చును పాప ఎర్రదుస్తుకు లోపలివైపు కుడతారు. భయపడే మరో పిల్ల కనిపిస్తే దీన్ని తొడుక్కోవడానికివ్వు అంటుంది ముత్తవ్వ. ధైర్యం ఒకరి దగ్గరే దాచుకునేది కాదు, చేతులు మారేదన్నమాట!

రాకుమారి కథలకూ ఈ గాలి సోకింది. 1980లో వచ్చిన రాబర్ట్ మంచ్ పుస్తకం 'ది పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్'లో డ్రాగన్ ఎత్తుకుపోయేది రాకుమారుణ్ణి. కోట, బట్టలు అన్నీ కాలిపోతే కాగితపు సంచి తొడుక్కుని వెళుతుంది రాకుమారి ఎలిజబెత్. డ్రాగన్‌ను పొగిడి పొగిడి, నిప్పులు కక్కించి, ప్రపంచం చుట్టూ పరుగులు పెట్టించి, అలసిపోయి పడుకునేలా చేస్తుంది. తీరా కాపాడితే ఆ రాకుమారుడు 'ఆ అవతారమేంటి, మంచి బట్టలేసుకుని రా' అంటాడు. పెళ్లి క్యాన్సిల్!

ఇదీ ఓ విశేషమే!

* 1990 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని రెండు పాఠశాల డిస్ట్రిక్టులు ఎర్రటోపీ పాప పుస్తకాన్ని పక్కన పెట్టేశాయి. ట్రైనా షార్ట్ హైమన్ బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకానికి అంతకుముందు కాల్డెకాట్ ఆనర్ కూడా దక్కింది. మరి అభ్యంతరం దేనికి? తోడేలు పాపను మింగినందుకు కాదు. అమ్మమ్మకు తీసుకెళ్లే బుట్టలో వైన్ సీసా ఉన్నందుకు!

* వెయ్యేళ్ల కిందట, 1020ల్లో బెల్జియం ప్రాంతపు ఎగ్బర్ట్ అనే మతగురువు లాటిన్‌లో ఓ చిన్న పద్యం రాశాడు. ఎర్రని అంగీ వేసుకున్న చిన్నపిల్లను తోడేలు ఎత్తుకుపోయి పిల్లల ముందు పడేస్తుంది. అవి ఆమెను కొరక్కుండా తల నాకుతాయి. నా అంగీ చింపొద్దని తోడేలు పిల్లల్ని గదమాయిస్తుంది ఆ చిన్నారి.

* బ్రిటన్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త జేమీ టెహ్రానీ 2013లో ఈ కథకు వంశవృక్షం గీశాడు. జీవజాతుల పుట్టుక కనిపెట్టే పద్ధతితోనే 58 రూపాలను పోల్చిచూశాడు. ఎర్రటోపీ పాప కథ, తోడేలు-మేకపిల్లల కథ ఒకే చెట్టు కొమ్మలని తేల్చాడు.

అమ్మమ్మ బట్టల్లో తోడేలు

కథే కదా, పాప పారిపోతే ఏంటి, వేటగాడు కాపాడితే ఏంటి అనిపించవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ కథ పిల్లలకు ఎందుకు చెబుతాం? 'తెలియనివాళ్లతో మాట్లాడొద్దు' అని నేర్పడానికే. మరి ఈ కథలో అసలు ప్రమాదం ఎక్కడ జరిగింది? అడవిలో కాదు. అమ్మమ్మ ఇంట్లో, అమ్మమ్మ మంచంమీద, అమ్మమ్మ బట్టల్లో!

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ఓ అధ్యయనం ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. పిల్లల్ని లైంగికంగా వేధించినవారిలో సగం మంది వాళ్లకు తెలిసినవారే, లేదంటే నమ్మి అప్పగించినవారే అని తేలింది. అంతకన్నా బాధ కలిగించేది... ఎక్కువమంది పిల్లలు ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు. పెద్దల్ని ఎదిరించకూడదని, అడిగింది చెయ్యాలని, నోరెత్తకూడదని నేర్పిన పిల్ల ఎలా చెబుతుంది? 'నీ తప్పే' అంటారేమోనన్న భయం పెరో నాటిది, ఇంకా పోలేదు.

పల్లె పాప కథను ఈ వెలుగులో మళ్లీ చూడండి. ఆ పాప చేసినవి నాలుగే పనులు. తేడాగా ఉందని తన ఒంటికి తోచింది, ఆ తోచినదాన్ని నమ్మింది. నోరు తెరిచి అడిగింది. ఏదో ఓ సాకు చెప్పి అక్కణ్నుంచి బయటపడింది. ఆగకుండా అమ్మ దగ్గరికి పరుగెత్తింది. 'వద్దు అని చెప్పు, అక్కణ్నుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు' అని ఇవాళ పిల్లలకు నేర్పే పాఠానికీ ఆ పాప చేసినదానికీ తేడా ఏముంది! పెద్దవాళ్లకు అబద్ధం చెప్పకూడదంటాం, నిజమే. కానీ పక్కనున్నది తోడేలని తెలిశాక చెప్పే సాకు అబద్ధం కాదు, ఆయుధం. ఆ తేడా పిల్లలకు లెక్చరిస్తే అర్థంకాదు, కథ చెబితే అర్థమవుతుంది.

ఆ పాఠంలో మనకూ వాటా ఉంది. పాప పరుగెత్తుకొచ్చేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. ఏటి ఒడ్డున ఆడవాళ్లు 'ఎవరు, ఏంటి, ఎందుకెళ్లావ్' అని నిలదీయకుండా ముందు దుప్పటి పట్టుకున్నారు. పిల్ల చెప్పింది నమ్మడమే ఆ దుప్పటి. పిల్లలకు ఆపద వస్తే సాయానికి 1098 నంబరు ఉంది. కానీ మొదటి నంబరు అమ్మా నాన్నే కావాలి కదా!

ఈ కథ ఆడపిల్లలకే అనుకోవద్దు. మగపిల్లలకూ తోడేళ్లు ఎదురవుతాయి. ఇందాకటి అధ్యయనం చెప్పిందీ అదే. పైగా ఆడపిల్ల తెలివితో గెలిచిన కథ విన్న అబ్బాయి, అమ్మాయిలంటే ఎవరో వచ్చి కాపాడాల్సిన బొమ్మలనుకోడు.

చెప్పడానికి పెద్ద కిటుకులేమీ అక్కర్లేదు. పిల్లల వయసునుబట్టి భయపెట్టే ముక్కలు తగ్గించుకోండి. పాప మంచంమీద పెద్ద నోరు చూసిన చోట ఆపండి. 'నువ్వైతే ఏం చేస్తావ్?' అని అడగండి. వచ్చే జవాబులు విని మీరే ఆశ్చర్యపోతారు. ఒకరు తుమ్ములొచ్చాయంటారు, ఒకరు అవ్వకు మందు తెస్తానంటారు, ఒకరు బ్యాగు బయట మర్చిపోయానంటారు. అన్నీ సరైన జవాబులే.

తర్వాతి రాత్రి. అదే మంచం, అదే దుప్పటి. ఈసారి అమ్మ సూదుల దారిలోంచి నడిపించుకుంటూ తీసుకెళ్లింది. నోరు చూసిన చోట ఆగింది. పాప లేచి కూర్చుంది. 'అవ్వా, నాకు అర్జెంటు' అని అమ్మ అనగానే కిలకిలా నవ్వింది. దారం రేగుచెట్టుకు కట్టేటప్పుడు ఊపిరి బిగబట్టింది. తలుపు వేసుకున్నాక 'హమ్మయ్య' అని పడుకుంది.

'అయిపోయిందా?'

'అయిపోయింది. కథ కంచికి...'

'మనం ఇంటికి కాదు' అంది పాప, కళ్లు మూతలు పడుతుంటే. 'పాప ఇంటికి!'